పదకొండు పేర్లు

అర్జీ మీద ఆరు వేలిముద్రలు, మూడు సంతకాలు ఉన్నాయి. కింద ఊరి పేరు దేవకుమారి రెండుసార్లు చదివింది. అది తన ఊరే.

యూనివర్సిటీ వెబ్‌సైటు విభాగంలో ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. ఏ డిపార్టుమెంటు ఏం పంపినా, అది నియమాల ప్రకారం ఉందో లేదో చూసి సైట్లో పెట్టడం ఆమె పని. ఆ నియమాలు పద్నాలుగు పేజీలు. వాటిని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చింది కూడా ఆమే. కామాలతో సహా కంఠతా వచ్చు.

విభాగం అధికారి నాగేంద్రబాబు గారు అర్జీని వెలుతురుకి పెట్టి పైకి చదివారు.

"'మీ యూనివర్సిటీ ఇంటర్నెట్టులో చనిపోయిన మనిషి మమ్మల్ని పేరుపేరునా పిలుస్తా ఉంది. ఇద్దరు పోయినారు. మిగతావాళ్ళం పోకముందే ఆపించగలరు.' ఇదేంటమ్మా దేవకుమారీ! దయ్యాల మీద ఫిర్యాదులకి మన ఫారంలో గడి ఉందా?"

దేవకుమారి నవ్వలేదు. "చనిపోయిన మనిషి మా అమ్మ సార్," అంది.

ఆయన కాగితం బల్ల మీద పెట్టేశారు.

దేవకుమారి తల్లి పేరు సామ్రాజ్యం. ప్రత్తిపాడు దాటి లోపలికి పోతే వచ్చే ఊళ్ళో ముఠా మేస్త్రి. మిరపకోతకీ పత్తితీతకీ కూలీలను కూడగట్టి తీసుకుపోయే మనిషి. తెల్లవారుజామునే వీధిలో నడుస్తూ, ఒక్కొక్క గుమ్మం ముందూ ఆగి, పేరు పెట్టి పిలిచేది. ఆ పక్క ఊళ్ళలో ఒక కట్టడి ఉంది. చీకటి విడవకముందు ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మొదటి పిలుపుకి పలకరు. రెండో పిలుపుకీ పలకరు. మూడోసారి పిలిస్తేనే మనిషి కింద లెక్క. చచ్చినవాళ్ళకి మూడోసారి పిలిచే ఓపిక ఉండదని వాళ్ళ నమ్మకం. అందుకని సామ్రాజ్యం మొదటిసారి మెత్తగా పిలిచేది, రెండోసారి సాగదీసేది, మూడోసారి తిట్టు కలిపేది. "ఒసే మంగతాయీ, లేస్తావా, చెంబుతో నీళ్ళు కొట్టమంటావా?" అంటే లోపల్నుంచి "ఆఁ, లేచాలేవే, ఇల్లెగరగొట్టమాక!" అని జవాబు వచ్చేది.

తొమ్మిదేళ్ళ కిందట తెలుగు డిపార్టుమెంటు నుంచి వేణుగోపాల్ గారనే మాస్టారు పల్లెటూరి మాటలు సేకరిస్తూ వచ్చి, సామ్రాజ్యం వెనకే నడిచి ఆ పిలుపులన్నీ రికార్డు చేసుకుపోయారు. పదకొండు ఇళ్ళు, పదకొండు పేర్లు, ఒక్కో పేరు మూడేసి సార్లు. మరుసటి నెలలోనే కోతకి పోయే ఆటో బోల్తా పడింది. చివర కూర్చున్న సామ్రాజ్యం ఒక్కతే పోయింది. అప్పుడు వాళ్ళింట్లో ఉన్నది మీటల ఫోను. తల్లి గొంతు ఎక్కడా మిగల్లేదనే అనుకుంది దేవకుమారి.

పోయిన దసరా ముందు డిపార్టుమెంటు వాళ్ళు మాస్టారి రికార్డులన్నీ సైట్లో పెట్టమని పంపారు. వాటిలో తల్లి పిలుపులున్న ముక్కని ఆమె మూడుసార్లు మొదటికి తిప్పి విన్నది. ఆ తరవాత అనుమతి ఫారం తీసింది. గొంతు ఎవరిది? సామ్రాజ్యానిది. మనిషి లేకపోతే వారసుల సంతకం కావాలి. వారసురాలు తనే. సంతకం పెట్టేసింది. మిగతా ఆడవాళ్ళు పలికేది "ఆఁ", "వస్తన్నా" అనేగా, దానికి ఊరంతా తిరగడం ఎందుకనుకుని వదిలేసింది.

నాగేంద్రబాబు గారు నియమాల పుస్తకం తిప్పి, ఆరో నియమం మీద వేలు పెట్టి ఆమె ముందుకి తోశారు. "గొంతు గానీ, ముఖం గానీ, పేరు గానీ గుర్తుపట్టేలా ఉన్న ప్రతి ఒక్కరి అనుమతీ." ఆ తెలుగు ఆమె రాసిందే. గొంతులు లెక్కపెట్టుకుంది గానీ పేర్లు లెక్కపెట్టుకోలేదు.

"ఏడు పనిదినాలు టైముంది. అనుమతులన్నా తే, లేదా తీసేయ్. తీసేస్తే నకలు కూడా ఎక్కడా ఉండకూడదు. నీ దగ్గర కూడా. అది తొమ్మిదో నియమం, నీకు నేను చెప్పాలా?" అని, గొంతు తగ్గించారు. "మా ఒంగోలు పక్కన కూడా మూడో పిలుపు దాకా పలకరమ్మా. మా నాయనమ్మ ముసలితనంలో కూడా అంతే. జాగ్రత్తగా వెళ్ళిరా."

మర్నాడు దేవకుమారి తొమ్మిది ఫారాలు అచ్చు తీయించుకుని ఊరికి పోయింది. మిట్టమధ్యాహ్నం. ఊరి బయట కల్లంలో ఎర్రగా పరిచిన మిరపకాయల మీద ఎండ నిలబడి మండుతోంది. పరదా నీడన ఆడవాళ్ళు కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. ఘాటుకి ఆమెకు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

"ఎవురూ, మేస్త్రి కూతురా? రావే, ఇట్టా నీడలోకి రా. మిరప్పొడిలో పుట్టినదానివి, గుంటూరు పోయి దగ్గు నేర్చుకున్నావా?" అంది సిద్దికా. సామ్రాజ్యం పోయాక ముఠా నడిపేది ఆమే. అర్జీ రాయించింది కూడా ఆమే.

"పిన్నీ, అర్జీ సంగతి మాట్లాడదామని వచ్చా," అంటూ దేవకుమారి ఫారాలు తీసింది. "ఇవి అనుమతి పత్రాలు. మీరందరూ సంతకాలు పెడితే అది సైట్లో ఉంటుంది. లేకపోతే తీసేయాలి."

"బాగుందే నీ యవ్వారం! పోవే అని మేం పొగబెడతంటే, నువ్వు పీటేసి కూర్చోబెడతన్నావే!"

ఒకరిద్దరు నవ్వారు. నవ్వు నిలవలేదు.

సిద్దికా చేటలో కాయలు ఏరుతూనే చెప్పింది. దసరాకి అది సైట్లోకి వచ్చిందా, వారానికల్లా ఊళ్ళో ప్రతి ఫోనులోకీ దిగింది. కొందరు దాన్ని అలారంగా పెట్టుకున్నారు. పాలకేంద్రం దగ్గర సామ్రాజ్యం పిలుపు, రచ్చబండ దగ్గర సామ్రాజ్యం పిలుపు. కార్తీకంలో శేషారత్నం జ్వరంతో పోయింది. రికార్డులో మొదటి పేరు ఆమెదే. పుష్యమాసంలో మంగతాయి నీళ్ళబిందె ఎత్తుకుంటూ ఎత్తుకుంటూనే కూలబడిపోయింది. రెండో పేరు ఆమెది.

"ఇంటింటికీ పోయి అందరి ఫోన్లలోదీ తుడిపించామే. మళ్ళీ మీ దాన్నుంచి దించుకుంటన్నారు. ఊటబావి లాగా అక్కడుందిగా!"

"జ్వరానికీ దీనికీ సంబంధం ఏముంది పిన్నీ?"

"చదువుకున్నదానివి, అట్టాగే అంటావు. నేనూ అట్టాగే అన్నాలే, మంగతాయి పోయిందాకా."

దేవకుమారి ఫారాలు ఒళ్ళో పెట్టుకుంది. "అమ్మ ఫొటో అంటే ఆధార్ కార్డు మీదున్న ఒక్కటే. గొంతంటే ఇదొక్కటే. తీసేస్తే నా దగ్గర కూడా ఉండకూడదంట."

సామ్రాజ్యం చేతి కింద పనిచేయని ఆడది అక్కడ లేదు. ఆమె పెట్టిన పచ్చడి మెతుకులు తిననిదీ లేదు.

"మీ యమ్మ గొంతు నీదే. కాదన్నదెవరు?" అంది సిద్దికా మెల్లగా. "పేర్లు మాయి."

అయినా దేవకుమారికి ఆశ చావలేదు. ఆఫీసు అలవాటు చొప్పున, ఎవరి కాగితం వాళ్ళకిచ్చేస్తే ఇంటికి పోయి ఆలోచించుకుంటారులే అనుకుంది. ఫారాలు రికార్డులోని వరసనే పేర్చుకొచ్చింది. పోయినవాళ్ళిద్దరివీ లేవు. పైనున్న కాగితం చూసి పైకి చదివింది.

"వెంకటేశ్వరమ్మ."

"ఆఁ! వస్తన్నా సామ్రాజ్యం!"

పరదా చివర గుంజకానుకుని కూర్చున్న ముసలామె అప్పుడే లేచి నిలబడింది. ఈమధ్య ఆమెకు మతి నిలకడగా ఉండటం లేదు. చేతిలో సద్ది క్యారేజీ ఉంది, ఖాళీది. దాన్ని చంకన పెట్టుకుని, కాయల మీద కాళ్ళేసుకుంటూ రోడ్డు వైపు నడిచింది. రోడ్డు మీద ఆటో లేదు, మనిషి లేడు. ఎండ ఒక్కటే ఉంది.

ఒకామె చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దేవకుమారి గొంతు తల్లి గొంతేనని అందరికీ తెలుసు. కానీ ఆ గొంతుతో, ఆ వరసలో, ఆ పేరు ఫోన్లో కాకుండా మనిషి నోట వినడం తొమ్మిదేళ్ళ తరవాత అదే మొదటిసారి.

దేవకుమారి పరిగెత్తి ముసలామె చెయ్యి పట్టుకుంది. "పెద్దమ్మా, నేను కుమారిని."

వెంకటేశ్వరమ్మ ఆమె మొహంలోకి చూసి నవ్వింది. "మొదటిసారే పలికా, చూశావా? ఇన్నాళ్ళూ మూడోసారి దాకా గుమ్మంలో నిలబెట్టానే నిన్ను! తప్పయింది. ఇంక నిలబెట్టను, పద."

ఆ చెయ్యి మండుటెండలోనూ చల్లగా ఉంది. దేవకుమారి ఆమెను నీడలోకి తెచ్చి కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించింది. ఫారాలు మడిచి సంచిలో పెట్టుకుంది. ఒక్కరి సంతకమూ అడగలేదు. వెళ్ళేటప్పుడు సిద్దికా రోడ్డు దాకా వచ్చింది.

"అన్ని చోట్లా తీసేస్తావుగా?"

"తీసేస్తా పిన్నీ."

"నీ ఫోన్లో కూడా?"

"నా ఫోన్లో కూడా."

సిద్దికా ఆమె తల మీద చెయ్యి వేసింది.

తీసేయాలంటే మూలం దగ్గర నుంచి తీసేయాలి. వేణుగోపాల్ గారు రిటైరవుతూ ఇచ్చిపోయిన హార్డుడిస్కు డిపార్టుమెంటు బీరువాలో ఉంది. దేవకుమారి దాన్ని తెచ్చి ఫైలు తెరిచింది. సైట్లో పెట్టింది నాలుగు నిమిషాల ముక్క. మూలం దాదాపు ఆరు నిమిషాలుంది. మాస్టారికి కావలసింది పిలుపులు కాబట్టి, పదకొండో పేరు అయిపోగానే అక్కడికి కత్తిరించి పంపారు. మిగతాది ఎవరూ విన్నట్టు లేదు.

ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని చివరిదాకా విన్నది. పదకొండో ఇల్లు అయింది. చెప్పుల చప్పుడు వెనక్కి వచ్చింది. తమ ఇంటి తడిక కిర్రుమంది. క్యారేజీ గిన్నె మీద గిన్నె పడింది.

"కుమారీ."

మెత్తగా, ఒక్కసారి. తరవాత ఊపిరి తీసుకున్న చప్పుడు. తరవాత, పక్కనున్న మాస్టారితో కాబోలు, గుసగుసగా, "నిద్రపోతందిలెండి పిల్ల. పరీక్షలకి చదివి చదివి పడుకుంది." తడిక మళ్ళీ కిర్రుమంది. అంతే.

దేవకుమారి నిద్రపోలేదు ఆ రోజు. దుప్పటి కింద కళ్ళు తెరుచుకునే ఉంది. మొదటి పిలుపుకి పలక్కూడదని నేర్పింది అమ్మే గనక రెండో పిలుపు కోసం చూస్తూ పడుకుంది. పిల్ల నిద్ర చెడుతుందని అమ్మ రెండోసారి పిలవలేదు.

ఆ సాయంత్రం లోపల ఆమె పదకొండు పేర్లూ, ముప్ఫై మూడు పిలుపులూ, జవాబులన్నీ తుడిపేసింది. సైట్లో, హార్డుడిస్కులో, తన ఫోన్లో, ఎక్కడా మిగల్చలేదు. చివరి ఇరవై రెండు సెకన్లు మాత్రం ఉంచింది. రికార్డు చేసింది మాస్టారే గనక ఆయనకి ఫోను చేసి అనుమతి రాయించుకుంది. కొత్త ఫారం నింపి నాగేంద్రబాబు గారి బల్ల మీద పెట్టింది.

ఆయన ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "గొంతు మీ అమ్మది. వారసుల సంతకం ఉంది. ఇందులో పేరు ఎవరిది?"

"నాది సార్."

"ఇది సైట్లో ఎందుకమ్మా? అర్జీ పెట్టి నీ ఒక్కదాని దగ్గర ఉంచుకోరాదూ?"

"మిషన్లు చెడిపోతాయి సార్. ఫోన్లు పోతాయి. ఇక్కడైతే పోదు."

"ప్రపంచంలో ఎవరు నొక్కినా నిన్నే పిలుస్తుంది, ఆలోచించుకున్నావా?"

"ఇన్నాళ్ళూ వాళ్ళని పిలవలేదా సార్?"

ఆయన సంతకం పెట్టారు.

వారం తరవాత సిద్దికా ఫోను చేసింది. పెద్దమ్మ రెండు రోజులు లేవలేదట. మూడో రోజు తెల్లారగట్ట లేచి, గుమ్మం దాకా వచ్చి, వీధి వైపు చెవి పెట్టి, "ఇయ్యాల పని లేదంట," అని వెనక్కి పోయి పడుకుందట. "పాలు తాగతంది. కూడు తింటంది. నువ్వెట్టా ఉన్నావే?" అని అడిగింది. బాగానే ఉన్నానంది దేవకుమారి.

బాగానే ఉంది. పని చేసుకుంటుంది. ఎప్పుడో ఒకప్పుడు, ఏ ఫైలో చూస్తుండగానో, ఏ ఆటోలో ఇరుక్కుని కూర్చున్నప్పుడో, వీపు వెనక ఎవరో ఆగి పిలిచినట్టు ఉంటుంది. మొదట్లో వెంటనే సైటు తీసి దాన్ని ఎందరు విన్నారో లెక్క చూసుకునేది. అప్పుడే ఎవరో ఒంగోల్లోనో, ముక్కూ మొహం తెలియని ఇంకో ఊళ్ళోనో నొక్కి ఉండేవాళ్ళు. ప్రతిసారీ కాదు. లెక్క కదలని రోజుల్లో కూడా వినపడింది ఒకటి రెండుసార్లు. అప్పటి నుంచి లెక్క చూడటం మానేసింది.

ఒకరోజు మధ్యాహ్నం క్యాంటీన్లో నాగేంద్రబాబు గారికి ఎదురుగా కూర్చుని అన్నం తింటోంది. గోంగూర కలిపిన ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది.

"ఆఁ, అమ్మా!" అంటూ లేచి నిలబడింది.

పక్క బల్లల వాళ్ళు తలలు తిప్పి చూశారు. ఆమె వెనక ఎవరూ లేరు. తలుపు దగ్గరా ఎవరూ లేరు. నాగేంద్రబాబు గారి చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

"మొదటి పిలుపుకే పలికావేంటమ్మా?" అన్నారు, దాదాపు గుసగుసగా.

"ఇంక రెండోది లేదు సార్ అందులో," అంది దేవకుమారి.