గోడ మీది కనీస జీతం

పార్లర్ రోజుకు రెండు కుర్చీల చొప్పున పొడుగవుతోంది. నాకు బ్యూటీషియన్ సర్టిఫికెట్ వచ్చిన మర్నాటి నుంచి ఇదే వరస. చివరి గోడకు కనీస వేతనాల బోర్డు ఉంది. పనిలో చేరిన రోజు అది చేతికందేంత దగ్గర్లో ఉండేది. ఓనర్ హైమవతి మేడమ్ ఎదురుగా జీతం అంకె వంక చూస్తే బాగుండదని తల తిప్పుకున్నాను. నా అంత తెలివైనది కాకినాడలో ఇంకొకతె ఉండదు. ఇప్పుడా బోర్డు ఒక తెల్లటి చుక్క.

సర్టిఫికెట్ వచ్చినా నేనింకా ట్రైనీనే. ట్రైనీకి ఇచ్చేది ఆటో ఖర్చులకే సరిపోతుంది. డబ్బుల్లేక అమ్మ థైరాయిడ్ మాత్రలు మానేసి ఇరవై రోజులైంది. బాగానే ఉన్నానంటుంది. నాకు భయంగా ఉంది.

"బోర్డు మీద ఉన్నది ఇవ్వండి మేడమ్," అంటాను.

"ఎందుకివ్వనమ్మా? ఎంతుందో చెప్పు, ఇప్పుడే ఇచ్చేస్తాను."

"కనబడట్లేదండి."

"కనబడందాన్ని ఎలా ఇవ్వమంటావు మరి?"

ఆ మాటలో తప్పు దొరకదు. చదివి రావడానికి బయల్దేరతాను.

దారి పొడుగునా కుర్చీల్లో ఆడవాళ్ళు. అందరూ రెండు చేతులతో కనుబొమ సాగదీసి పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. "ఐబ్రోసే కదమ్మా, రెండు నిమిషాలు." కాదనడానికి లేదు, దారం కొస అప్పటికే నా పళ్ళ మధ్య ఉంది. చేస్తూ నడుస్తాను, నడుస్తూ చేస్తాను. ఒక కుర్చీ దాటేలోగా ముందు ఇంకోటి మొలుస్తోంది. కాలు నిలవడం లేదు.

నూట పన్నెండో కుర్చీలో కస్టమర్ లేదు. ఏప్రన్ వేసుకున్న ఒకావిడ ఒళ్ళో సర్టిఫికెట్ పెట్టుకుని కూర్చుంది. పేరు నూకరత్నం అని దాని మీద ఉంది. తల ముగ్గుబుట్టయిపోయింది.

"ఎప్పుడు పాసయ్యారండి?" అని నోట్లో దారం నాలుకతో పక్కకు నెట్టి అడుగుతాను.

"ఆయ్, మొన్నేనండి."

"జీతం?"

"ట్రైనీనండి. బోర్డు దాకా ఎల్దామనే బయల్దేరానండి. ఈలోగా ఐబ్రోస్ అని ఎవరో పిలిచారు."

నాకు ఒళ్ళు మండిపోతుంది. దారం ఉమ్మేసి పరుగెత్తుతాను. వెనక నుంచి "అమ్మాయ్, అమ్మాయ్" అని పిలుస్తున్నారు. ఆగను.

బోర్డు దగ్గరికి చేరతాను. అంకె పెద్దదేమీ కాదు. గది అద్దె, బియ్యం, అమ్మ మాత్రలు, అంతవరకు వస్తుంది. ఇంత చిన్నదానికా ఇంత దూరం అని ఏడుపొస్తుంది. గట్టిగా చదువుతాను.

గది ముడుచుకుంటుంది. నూకరత్నం కుర్చీతో సహా నా పక్కకు వస్తుంది. మేడమ్ కౌంటర్‌తో సహా జారుకుంటూ వచ్చి నా ముందు ఆగుతుంది.

"చెప్పావుగా. తీసుకో," అంటూ సొరుగు మీద చెయ్యి వేస్తుంది.

"ముందు ఈవిడకి ఇవ్వండి. పాసయిన రోజు నుంచి."

"అలాగైతే సొరుగు మొత్తం లాగాలమ్మా."

"లాగండి."

లాగుతుంది. సొరుగు వస్తూనే ఉంటుంది. గుమ్మం దాటి, మెయిన్ రోడ్డు దాటి, ఆటోలను ఆపుకుంటూ పోర్టు వైపు సాగుతుంది. అందులో డబ్బు లేదు. ఏడాదికొకరు చొప్పున ముప్ఫై ఒక్కమంది నూకరత్నాలు ఏప్రన్లతో వరసగా పడుకుని ఉన్నారు. అందరిలోకీ చిన్నది, రెండు జడల పిల్ల, కళ్ళు నులుముకుంటూ లేచి కూర్చుంటుంది. కుర్చీలోంచి లేచి నా పక్కన నిలబడ్డ తెల్లజుట్టు ఆవిడను అడుగుతుంది.

"ఏవండీ, ఒకటో తారీకు వచ్చేసిందాండి?"