మాష్టారు నేర్చిన అపాస్ట్రఫీ

యాభై ఆరేళ్ళొచ్చాక మల్లేశ్వరరావు మాష్టారికి అపాస్ట్రఫీ నేర్చుకోవాల్సి వచ్చింది. ఏం ఖర్మో చూడండి! చల్లపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇరవై రెండేళ్ళుగా ఆయన తెలుగు చెబుతున్నారు. కొత్త కరస్పాండెంటు లక్ష్మీకాంత్ ఏప్రిల్లో టీచర్లందరినీ నిలబెట్టి, తెలుగు చెప్పేవాళ్ళయినా సరే ఇంగ్లీషు పరీక్ష పాసవ్వాలి, లేకపోతే ఉద్యోగం లేదన్నాడు. దాంతోపాటు ఏటా ఉండేదే, సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగి తలా పదిమంది పిల్లల్ని స్కూల్లో చేర్పించాలి.

మాష్టారికి పరీక్షంటేనే భయం. అడ్మిషన్ల సంగతి ఇన్నేళ్ళలో ఎవరూ గట్టిగా అడిగింది లేదు.

ఇంగ్లీషు చెప్పే సింధూరి ఒకప్పుడు ఆయన దగ్గర అక్షరాలు దిద్దిన పిల్లే. పొద్దున్నే అడ్మిషన్లకి తిరిగొచ్చి, సాయంత్రాలు ఖాళీ క్లాసులో ఆయనకు నేర్పింది. మాష్టారు పెట్టిన ప్రతి అపాస్ట్రఫీ సరాసరి ఎస్ నెత్తినెక్కి కూర్చునేది.

"అది తలకట్టు కాదండీ మాష్టారూ! పక్కన పెట్టాలి. ఒక పిల్లాడి పుస్తకమైతే ఎస్‌కి ముందు. పిల్లలందరిదీ అయితే తర్వాత."

"మరి డోంట్‌లో ఎస్ ఏదమ్మా?"

"అక్కడ ఎగిరిపోయిన అక్షరం చోట పెట్టాలండీ."

"ఎగరగొట్టడం దేనికంట? డూ నాట్ అని నిండుగా రాస్తే వీళ్ళ సొమ్మేం పోయింది!"

సింధూరి పడీపడీ నవ్వింది. ఆయనకు మాత్రం నవ్వే ఓపిక లేదు. పొద్దుటినుంచీ ఇంట్లో అవే వల్లెవేసి కళ్ళు మండుతున్నాయి, నడుం పీకేస్తోంది. మధ్యలో రెండ్రోజులు కరపత్రాలు పట్టుకుని వీధుల్లో తిరిగితే, "తెలుగు మాష్టారా? ఇంగ్లీషు వాళ్ళని పంపండి" అని గుమ్మంలోనే సాగనంపారు. ఇద్దరు పిల్లలే దొరికారు.

పరీక్షలో యాభైకి నలభై ఒకటి వచ్చాయి. ఆ కాగితం పట్టుకుని ఆయన కరస్పాండెంటు గదిలోకి వెళ్ళారు. లక్ష్మీకాంత్ దాన్ని చూడనైనా చూడలేదు.

"పరీక్షదేముందండీ, అందరూ పాసయ్యారు. అడ్మిషన్లెన్ని తెచ్చారు?"

"రెండండీ."

"పదికి తగ్గితే ఈసారి ఉంచట్లేదండీ. ఏమనుకోకండి."

అందరూ పాసయ్యే పరీక్షకా వేసవంతా తగలేసుకున్నది! మాష్టారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చారు. వరండాలో సింధూరి ఎదురైంది.

"ఏమన్నారు మాష్టారూ? అడ్మిషన్లు అడిగారా? నావి సరిగ్గా పదున్నాయి, ఎనిమిది మీ పేరున రాయించేస్తా. నాకేంటండీ, ఉద్యోగం ఇంకెక్కడైనా దొరుకుతుంది."

ఆ పిల్ల జీతం మీదే ఇల్లు నడుస్తోందని ఆయనకు తెలుసు.

"పిచ్చిదానా, అవన్నీ ఎవరడిగారు? మార్కులు చూసి తెగ ముచ్చటపడ్డాడు. ఉండమన్నాడు" అన్నారు మాష్టారు.

సింధూరి ముఖం వెలిగిపోయింది. తన పదిమంది పేర్లూ రాయించడానికి గబగబా ఆఫీసులోకి వెళ్ళింది. రేపెలాగూ ఆమెకు నిజం తెలుస్తుంది. ఈలోగా ఆ పేర్లు రిజిస్టరులోకి ఎక్కేస్తే చాలు. మాష్టారు స్టాఫ్‌రూములో తన సంచీ తీసుకుని, ఆమె కంటపడకుండా వెనక గేటు వైపు నడిచారు.