బస్తాల వైపు తిరిగిన అద్దం

జక్రయ్య వ్యాను కింద వెల్లకిలా పడుకుని, ఎడమ ముందు చక్రం వెనక్కి చెయ్యి పోనిచ్చి, బండి బరువు మోసే కమాను కట్టలోని ఇనప పట్టీలను ఒక్కొక్కటిగా వేలితో తడుముతున్నాడు. పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి. జబ్బుపడ్డ గేదె పక్కటెముకలు తడిమినట్టు. ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. చొక్కా జేబులోంచి తల బయటపెట్టిన సెల్‌ఫోను వెలుగులో పై పట్టీ మీద చిన్న గీత కనిపించింది. కిందటిసారి కొత్తపట్టీ వేయించినప్పుడు, దాన్ని మార్చేస్తాడేమోనని, మెకానిక్ అటు తిరగ్గానే మేకుతో తను గీసిన గీత అది. గోటితో గీకి చూశాడు. ఉంది. అయినా బండి ఎడమపక్కకి ఒంగే ఉంది.

"ఆ బండి కిందనుంచి లేచి నా అద్దం ఇటివ్వు. జడేసుకోవాలి," అంది వీరమ్మ, మిరపకోతకు పోవడానికి మగడి పాతచొక్కా చీర మీద తొడుక్కుంటూ.

"చేలో నీ మొహం ఎవరు చూస్తారే?"

"నేను చూసుకోవద్దా? క్రిస్మస్‌కి ముందు పట్టుకుపోయావు, ఈస్టరు వస్తంది. నీ బస్తాలకేమో అద్దం, నాకేమో నీళ్ళబిందె!"

జక్రయ్య లేచి ఎడమచెయ్యి విదిలించుకున్నాడు. మోచేతి నుంచి భుజం దాకా నొప్పి. నెలరోజులుగా ఇంతే. బండి స్టీరింగు ఎడమకి లాగుతుంటే, దాన్ని పట్టి ఆపీ ఆపీ చెయ్యి పాడైందని అతని నమ్మకం. ముందు కట్ట బాగుపడితే చెయ్యీ బాగుపడుతుంది. వ్యాను కుడి తలుపు పక్కన, కంపెనీ అద్దం కడ్డీకే ఇనపతీగతో కట్టిన వీరమ్మ అద్దం ఉంది. అరచెయ్యంత ఉంటుంది, ఎర్ర ప్లాస్టిక్ చట్రం. అది పైకి తిరిగి ఉంటుంది, పైవరస బస్తాలు కనిపించేలా.

"తెస్తాలే," అన్నాడు. ఆమె నమ్మినట్టు లేదు.

మూడు సీజన్ల కిందట, గుంటూరు దారిలో ఓ ఊరి ముందు స్పీడుబ్రేకరు దగ్గర బండి నెమ్మదించినప్పుడు, ఎవరో వెనకనుంచి ఎక్కి రెండు మిర్చి బస్తాలు దొర్లించేశారు. గుంటూరు మిర్చి యార్డులో దించేదాకా జక్రయ్యకు తెలియదు. బండి యజమాని బాపయ్య కేకలెయ్యలేదు. "పోతే పోయినయ్‌లే" అన్నాడు. ఆ సాయంత్రం బాపయ్య పాలేరు వీళ్ళ ఇంటికొచ్చి మంచినీళ్ళడిగాడు. వీరమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చేలోపు ఇంటి వెనక్కి పోయి, కట్టెలమోపు పక్కన చూసి, కోళ్ళగూడు వంగి చూసి వచ్చాడు. నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయాడు. బాపయ్య తిట్టి ఉంటే మర్చిపోయేవాడు. ఆ తాగని నీళ్ళ చెంబు మాత్రం జక్రయ్యకు ఇప్పటికీ కళ్ళముందు కనిపిస్తుంది.

అప్పటినుంచీ అతనికి ఎవరి మీదా నమ్మకం లేదు. వెనక వచ్చే మోటారుసైకిలు మీద లేదు, టీ బంకు దగ్గర నవ్వినవాడి మీద లేదు. కడుతున్న తాడు మీద కూడా లేదు.

బాపయ్య కళ్ళం దగ్గర కూలీలు బస్తాలు ఎత్తుతున్నారు. ఆదాం ఆ ముఠాకి మేస్త్రి, వీరమ్మకి తమ్ముడు.

"ఏం బావా, బండి తోలతావా, మోస్తావా? బస్తాలన్నీ తెచ్చి నీ వీపుకే ఆనించమంటావు!"

"నువ్వు పెట్టరా. వెనక తలుపు కాడ ఏమీ ఉండకూడదు. ఎక్కినోడి చేతికి గాలే దొరకాలి."

"మా అక్కని కూడా ఇట్టాగే కాపలా కాస్తావా?"

ముఠా అంతా నవ్వింది. జక్రయ్య నవ్వకుండా, క్యాబిన్ని ఆనుకుని, దాని నెత్తి మీదకి కూడా వంగేలా బస్తాలు పేర్పించాడు. వెనకపక్క రెండు మూరల మేర బండి తొట్టి ఖాళీగా మిగిలింది. 

బాపయ్య వచ్చి ముందు చక్రం కేసి చూశాడు. "జక్రయ్యా, ఊళ్ళో ఇన్ని బళ్ళున్నయ్. నా బండికే ముందు పట్టీలు ఎందుకు విరుగుతున్నయ్యో నాకర్థం కావట్లా. రాత్రిళ్ళు నాకు తెలీకుండా బాడిగలేమన్నా తోలుతున్నావా?"

"దేవుడి తోడండి, లేదండి."

"ఇంకోసారి విరిగిందంటే తాళాలు ఆ కుర్ర డ్రైవరు కోటేషుకి ఇచ్చెయ్. అంతే."

యాభై ఏడేళ్ళవాడికి కొత్తగా బండి ఎవరిస్తారు? అదీ పేరు ఒకసారి పోయినవాడికి. జక్రయ్య బండెక్కి కూర్చున్నాడు.

పర్చూరు దాటాక ఒక గుంటలో ముందుచక్రం పడ్డప్పుడు 'టక్' మంది. ఆ శబ్దం అతనికి బాగా తెలుసు. పళ్ళు బిగబట్టి, ఎడమకి లాగేస్తున్న స్టీరింగును రెండు చేతులా పట్టుకుని, చిలకలూరిపేట బైపాసు పక్కనున్న మెకానిక్ కలీం షెడ్డు దాకా నడిపించాడు. ఈ రోజు తేల్చుకోవాలనుకున్నాడు. పాతపట్టీకే రంగు పూసి కొత్తదని బిగిస్తున్నాడేమో కలీం. పది పన్నెండేళ్ళ స్నేహం నిజమే. స్నేహితుడైతే మాత్రం?

తాళాలు కోటేషుకి పోతాయన్న బాపయ్య బెదిరింపు విని, కలీం జాకీ ఎత్తి, చక్రం విప్పి, చాలాసేపు కిందే ఉన్నాడు. బయటికొచ్చి పై పట్టీ చేతికిచ్చాడు. నడిమధ్య వెంట్రుకంత చీలిక. పక్కనే మేకు గీత.

"గీత నీదేగా అన్నా?"

జక్రయ్య పట్టీని అటూ ఇటూ తిప్పాడు.

"గీసేటప్పుడు చూశాలే. మేకు కూడా ఇక్కడే మర్చిపోయావ్." కలీం పాత గ్రీజు డబ్బా మూతలోంచి మేకు తీసి అతని జేబులో వేశాడు. "పట్టీ కొత్తదే. నేనూ పాతోణ్ణే. తప్పు నువ్వు బరువు పెట్టేకాడ ఉంది. బరువు ఎక్కువే, అది మీ బాపయ్యగారి పుణ్యం. ఆ ఎక్కువంతా మోసుకొచ్చి ముందు కట్టల మీద కుదేసింది మాత్రం నువ్వు. వెనక కట్టలు చూడు, పెళ్ళికొచ్చిన చుట్టాల్లా కూర్చున్నయ్."

తన తప్పు కప్పుకోవడానికే ఈ మాట అంటున్నాడని జక్రయ్యకు తోచింది. అయినా వంగి వెనక కట్టలు చూశాడు. పట్టీల మధ్య దుమ్ము పేరుకుని గట్టిపడి ఉంది. ఎన్నాళ్ళుగానో అవి ఒంగిన పాపాన పోలేదు. అతను అలాగే వంగి ఉండిపోయాడు.

"ఈ ఒక్క ట్రిప్పు నా మాట వినన్నా. విరిగిందా, తాళాలు కోటేషుకి కాదు, నా షెడ్డు తాళాలు నీకిస్తా."

కొత్తపట్టీ బిగించాక, ఎదురుగా ఉన్న కోల్డ్ స్టోరేజీ హమాలీలను పిలిచి బస్తాలు వెనక్కి సర్దించాడు కలీం. ఒక్కో బస్తా వెనక తలుపు వైపు జరుగుతుంటే జక్రయ్యకు ఇంట్లో సామాను రోడ్డు మీద పెడుతున్నట్టు ఉంది. తాడు తనే బిగించుకున్నాడు. కలీం టీ ఇచ్చి అతని మొహంలోకి చూశాడు.

"ఏందన్నా, అంత చెమట?"

"స్టీరింగు లాగుడికే. చెయ్యి పోతంది."

"ఇక లాగదులే."

నిజంగానే లాగలేదు. హైవే ఎక్కాక స్టీరింగు రెండు వేళ్ళకు మాట వింటోంది. ముందుభాగం తేలిగ్గా, ఎవరో నెత్తిమీది గంప దించినట్టుగా సాగుతోంది. జక్రయ్య రోడ్డు కంటే ఎక్కువగా వీరమ్మ అద్దంలోకే చూస్తున్నాడు. ఇప్పుడందులో దగ్గరి బస్తాలు లేవు. దూరంగా, పట్టా అంచు కింద, తన చేతికి అందని చోట ఉన్నాయి.

పాత స్పీడుబ్రేకరు వచ్చింది. గేరు తగ్గించాడు. సరిగ్గా అప్పుడే వెనక మోటారుసైకిలు, ఇద్దరు కుర్రాళ్ళు. దగ్గరికొచ్చారు. వెనకవాడు తల పైకెత్తి బస్తాల కేసి చూశాడు. జక్రయ్య హారన్ మీద చెయ్యి వేశాడు. మోటారుసైకిలు బండి పక్కకి రాగానే, వాడు చెయ్యి ఊపుతూ అరిచాడు:

"పెద్దాయనా! ఇండికేటరు ఎలుగుతానే ఉంది, ఆర్పుకో!"

వాళ్ళు ముందుకు పోయారు. జక్రయ్య ఇండికేటరు ఆర్పి, చాలారోజుల తర్వాత ఒక్కడే నవ్వుకున్నాడు. ఇన్నేళ్ళూ ఎవరూ ఎక్కకుండా చూసుకున్నాననుకున్నాడు. ఎక్కడానికి ఎవరైనా వచ్చారో లేదో ఎవరికి తెలుసు? పట్టీలు మాత్రం తనే విరగ్గొట్టాడు.

గుంటూరు దగ్గర పడుతుంటే ఒక సంగతి పట్టుకుంది. బండి లాగడం లేదు. మరి చెయ్యి ఎందుకు లాగుతోంది?

కలీం ఏదన్నా మోసం చేశాడా? లేదు, బండి సాఫీగా పోతోంది. టైరా? రోడ్డా? పొద్దున తిన్న చద్దన్నమా? ఒక్కొక్కటే తడిమి చూశాడు, పట్టీలను తడిమినట్టే. అనుమానించడానికి ఇంకెవరూ మిగల్లేదు. మిర్చి ఘాటుకి ఊపిరి అందడం లేదేమోలే అనుకుని కిటికీ అద్దాలు పూర్తిగా దించాడు.

యార్డు గేటు ముందు బళ్ళు బారులు తీరి ఉన్నాయి. ఎండ ఎర్రగా పొడిచేస్తోంది. జక్రయ్య దిగి వెనక్కి పోయి చూశాడు. బస్తాలన్నీ ఉన్నాయి. ముందుకొచ్చి చక్రం వెనక్కి చెయ్యి పెట్టాడు. పట్టీలన్నీ ఉన్నాయి. బాపయ్యకు ఫోన్ చేసి, "యార్డు కాడున్నానండి. సరుకు భద్రమండి. కట్ట కూడా బాగుందండి. ఇక విరగదండి," అన్నాడు. మూడేళ్ళలో అతను బాపయ్యతో అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడలేదు.

మళ్ళీ ఎక్కి కూర్చున్నాక వీరమ్మ అద్దం మీద చూపు పడింది. ఇక దీనితో పనేముంది? రేపు జడేసుకుంటుంది. జేబులో మేకు తీసి, కిటికీలోంచి కుడిచెయ్యి చాచి, తీగ మెలికలో గుచ్చి తిప్పాడు. తుప్పుపట్టిన తీగ. ఒక చుట్టు ఊడింది. ఇంకోటి ఊడింది. మేకు జారి కింద పడింది. తీసుకుందామని అతను వంగలేదు. కాసేపాగి తీద్దామన్నట్టు తల సీటుకు ఆనించాడు.

ముందున్న బండి కదిలింది. జక్రయ్య బండి కదల్లేదు. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. ఒకడు తిట్టుకుంటూ వచ్చి తలుపు లాగాడు. తలుపు తెరిచాక తిట్టడం ఆపేశాడు.

బాపయ్య కారులో వచ్చేసరికి జక్రయ్యను అంబులెన్సులో తీసుకెళ్ళిపోయారు. బాపయ్య అలవాటుకొద్దీ ముందు వ్యాను వెనక్కి వెళ్ళి, బస్తాలు చూసి, తాడు లాగి చూశాడు. పంచె ఎగగట్టుకుని వంగి ఎడమ చక్రం వెనక చూశాడు. ఎక్కడా వెలితి లేదు. చూడటానికి ఇంకేమీ మిగలక, డ్రైవరు తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

ఎర్ర చట్రం అద్దం ఒకే ఒక్క తీగ చుట్టు మీద వేలాడుతోంది, బస్తాల వైపు కాకుండా, ఖాళీ సీటు వైపు తిరిగి.