కాలరు కొలత

మిషన్ తొక్కుతూనే దర్జీ ఎడమచేత్తో మెడ తడుముకున్నాడు. చెవికి కాస్త కిందుగా గట్టిగా, చిన్న నిమ్మకాయంత గడ్డ. నొప్పి లేదు. నొప్పి లేనిదానికి డాక్టరెందుకని ఆయన వాదన. ముప్పై ఏళ్లుగా అందరి మెడలూ కొలిచిన మనిషి, తన మెడ దగ్గరకొచ్చేసరికి కూడా అచ్చం దర్జీలాగే ఆలోచించాడు. కాలరు బిగిస్తోంది కాబట్టి గుండీ జరిపాడు. రెండు నెలల్లో మూడుసార్లు జరిపాడు.

ఇంటి ముందుగదే కొట్టు. కత్తెర ఆయనది, కాజాలూ గుండీలూ భార్యవి. ఆమె కుట్టిన గుండీ చొక్కా చిరిగినా ఊడదని ఆయన నలుగురి దగ్గరా గొప్పలు పోతుంటాడు. ఆ పొద్దున ఉతికిన చొక్కాలు మడతపెడుతుంటే ఆమె చేయి ఆగిపోయింది.

"ఏమండీ, ఈ గుండీ నేను కుట్టింది కాదు."

"నేనే కుట్టాను. నా చొక్కాకి నేను కుట్టుకోకూడదా?"

"ఇలా వంకరటింకరగానా? ఏదీ, తలెత్తండి."

టేపు తీసి ఆయన మెడకు చుట్టింది. ఎప్పుడూ పదిహేనంగుళాలు, ఇప్పుడు పదహారు దాటింది. వేళ్లకు గడ్డ తగలగానే ఆమె టేపు వదిలేసింది.

"ఏదో వాపులే. అదే పోతుంది" అన్నాడాయన.

"పోయేదైతే గుండీ ఎందుకు జరిపారు?"

ఆయన మిషన్ ఆపి, చెప్పులేసుకున్నాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ మెల్లగా నొక్కి చూసింది. "జలుబుకో, పంటినొప్పికో మెడలో బిళ్లలు కట్టడం మామూలే. అవి వారం రెండు వారాల్లో తగ్గిపోతాయి. మూడు వారాలు దాటినా తగ్గకుండా పెరుగుతుంటే మాత్రం నొప్పి లేకపోయినా చూపించుకోవాలి. సూదితో కాస్త తీసి పరీక్షకు పంపుదాం. ఏమిటో తెలిస్తే వైద్యం మొదలుపెట్టొచ్చు" అంది.

మిగతా పరీక్షలూ వెంటనే చేయాలని ఆయన్ని వార్డులో చేర్చుకున్నారు. నర్సు వెనకాల నడుస్తూ ఆయన ఒక్కసారి వెనక్కి తిరిగి, "నువ్వు ఏమైనా తిను" అన్నాడు. తలుపు మూసుకుంది.

ఆయన బట్టలు తేవడానికి ఆమె ఇంటికొచ్చింది. కత్తిరించే బల్ల మీద, మడతపెట్టిన గుడ్డ కింద, ఆయన తనకోసం మొదలుపెట్టిన చొక్కా కనిపించింది. కాలరు ముక్క మీద కొలత ఆయన చేతిరాతలోనే ఉంది. గడ్డ ఇంకా పెరుగుతుందని ముందే లెక్కేసుకున్నాడన్నమాట. అంత భయాన్ని కడుపులో పెట్టుకుని, రోజూ తనతో జోకులేస్తూ మిషన్ తొక్కాడు. ఆమెకు ముందు కోపమొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

"చెబితే నేను లేనా, పిచ్చి మనిషీ!" అంది పైకే.

చొక్కాలు సంచిలో కుక్కుకుని ఆస్పత్రికి పరుగెత్తింది. బల్ల మీద ఆ కాలరు ముక్క అలాగే ఉండిపోయింది, తెల్లటి సుద్దతో రాసిన పద్దెనిమిది అంకెతో.