జయపాల్ పెట్టిన ఫొటో

ఫొటో అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పుట్టుకతోనే నాకు చూపు లేదు. దాని మీద కోపం లేదు, ఏనాడో అలవాటైపోయింది. ఈ ఫొటోలే అలవాటు కాలేదు.

వనపర్తిలో ఒక ట్రస్టు నడిపే అంబులెన్సుల ఆఫీసులో ఫోన్లు ఎత్తేది నేనే. నా పేరు ఎస్తేరు, మాది ధరూర్ దగ్గర. గద్వాల, కొల్లాపూర్, నాగర్‌కర్నూల్‌లో మా బండ్లు ఉంటాయి. ఫోన్ చేసినవాళ్ళను ఊరు, పేరు, కష్టం అడిగి, కంప్యూటర్లో కొట్టి, దగ్గరున్న బండికి కబురు పంపాలి. కంప్యూటర్ నాకు అన్నీ పైకి చదివి వినిపిస్తుంది. చదవాలంటే అక్కడ ఏదో ఒకటి రాసి ఉండాలి కదా. మా సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీవాళ్ళు బటన్ల మీద బొమ్మలు పెట్టి, వాటికి పేర్లు రాయడం మానేశారు. కళ్ళున్నవాళ్ళకు బండి బొమ్మ కనిపిస్తుంది. నాకు మాత్రం "బటన్, బటన్, బటన్" అని వినిపిస్తుంది. మూడో బటన్ నొక్కితే బండికి కబురు పోయి, టింగుమని గంట మోగుతుంది. ఆ లెక్క గుర్తుపెట్టుకుని పని నెట్టుకొచ్చేదాన్ని.

కంపెనీ తరఫున మా ఆఫీసు పని చూసే జయపాల్‌ను చెవినిల్లు కట్టుకుని పోరాను. ప్రతి బటన్‌కూ వెనక ఒక పేరు రాయండి సార్, పెద్ద పనేం కాదు, వికలాంగుల చట్టంలో కూడా ఉంది అని. ఆయన మెత్తగానే మాట్లాడతాడు.

"పైవాళ్ళకు చెప్పిన అక్కా. వాడేటోళ్ళల్ల చూపు లేనిది నువ్వొక్కదానివే గద. జర ఓపిక పట్టు, వచ్చే వెర్షన్ల అయితది."

నేనొక్కదాన్నే అట. నేనెత్తే ఫోన్లకు అవతల ఎంతమంది ఉంటారో ఆయన లెక్కలోకి రాలేదు.

జయపాల్‌కు ఇంకో అలవాటు. పొద్దున్నే మా వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పెడతాడు. పువ్వో, సూర్యుడో, ఒక మంచి మాటో, కింద గుడ్ మార్నింగ్. డ్రైవర్లంతా దండాల బొమ్మలు పెడతారు. నా ఫోన్ "జయపాల్, ఫొటో" అని నోరు మూసుకుంటుంది. మొదట్లో పక్క సీటులో కూర్చునే సుప్రియను అడిగేదాన్ని. "ఏముంటదక్కా, గులాబీ పువ్వే" అనేది. పువ్వు కోసం ఆ పిల్లను రోజూ ఏం సతాయిస్తాం అని అడగడం మానేశాను.

ఆ రోజు పొద్దున కూడా ఫోన్ "జయపాల్, ఫొటో" అంది. పక్కన పడేసి కూర్చున్నాను. సుప్రియ ఇంకా రాలేదు.

మొదటి ఫోన్ కొల్లాపూర్ అవతల, అడవి అంచున ఉన్న చెంచుపెంట నుంచి వచ్చింది. గురవమ్మ అనే పెద్దామె. కోడలు పద్మకు నొప్పులు వస్తున్నాయట.

"తొలిసూరు బిడ్డా. తెల్లారంగ నుంచి తిప్పలు పడుతుంది. ఉమ్మనీరు పోయింది. జర జల్ది పంపు, నీ కాల్మొక్త."

"పరేషాన్ గాకవ్వా" అంటూ వివరాలు కొట్టాను. మూడో బటన్ నొక్కాను. టింగుమంది.

"బండి బయలెల్లిందవ్వా. పిల్లను పక్కకు ఒరిగిచ్చి పండవెట్టు."

"సల్లగుండు బిడ్డా" అని పెట్టేసింది.

చాయ్ వస్తే తాగాను. ఫ్యాను కింద నిమ్మళంగా కూర్చుని తాగాను.

కొంతసేపటికి మళ్ళీ అదే గొంతు వచ్చింది.

"బండేది బిడ్డా?"

"తొవ్వల ఉంటదవ్వా, వస్తుండొచ్చు."

"ఎప్పుడొస్తది? బిడ్డ చెయ్యి బయటికొచ్చింది. ఇందాక వెంకటన్న మామిడికాయల ఆటో మా ముంగట్నే ఆగె. ఎక్కించుకపోత అన్నడు. బండి బయలెల్లింది అని నువ్వంటివి గద, నేనే వద్దన్న. పొమ్మన్న."

ఫోన్ పెట్టొద్దని ఆమెకు చెప్పి, రెండో ఫోన్లో కొల్లాపూర్ బండి డ్రైవర్ మాసయ్యకు కొట్టాను.

"మాసన్నా, ఏడున్నవ్?"

"బస్టాండ్ కాడ్నే ఉన్న. పొద్దుగాల నుంచి ఒక్క కాల్ రాలే. ఏమైంది?"

ఏమైందో నాకూ తెలియదు. గంట మోగింది. నా చెవులతో విన్నాను.

"మళ్ళ చెప్త. చెంచుపెంట తొవ్వ వట్టు. కాన్పు కష్టమయింది, బిడ్డ అడ్డం తిరిగింది. ఆగకన్నా. వెంకటన్న నంబరు ఉన్నదా నీకాడ?"

ఉంది. వెంకటన్న ఎత్తేసరికి వెనక ఆటో చప్పుడు గట్టిగా వినిపిస్తోంది, మార్కెట్ వైపు పోతున్నాడు.

"అన్నా, ఆటో మళ్ళియ్యి. ఆ పిల్లను ఎక్కించుకొని రా. మాసయ్య బండి ఎదురొస్తది."

"ఇందాక వద్దన్నరు గదమ్మా. ఇప్పుడు కాయ నిండుగ ఉంది."

"కాయ తొవ్వ పక్కన పోసెయ్యన్నా. వద్దన్నది నా మాట పట్టుకొనే. మళ్ళియ్యి."

ఆటో ఆగిన చప్పుడు, డబ్బాలు నేల మీద పడుతున్న చప్పుడు వినిపించాయి. ఆ మనిషికి నేను చచ్చేదాకా రుణపడి ఉంటాను.

అప్పుడే సుప్రియ వచ్చింది. నా మొహం చూసి సంచి కూడా దించకుండా నా కంప్యూటర్ మీదికి వంగింది.

"అక్కా, ఈ కాల్ బండికి పోలే. పక్కన పెట్టినయి అని ఒకటుంది, అండ్ల పడి ఉంది."

జయపాల్‌కు ఫోన్ చేశాను.

"ఓ అదా అక్కా. కొత్త వెర్షన్ వచ్చింది గద. నడుమ ఒక బటన్ పెట్టిన్రు, అర్జంటు కాని కాల్ పక్కన పెట్టనీకె. బండి బటన్ నాలుగోది అయింది. పొద్దుగాలనే గ్రూపుల ఫొటో పెట్టిన గద. చూడలే?"

చూడలే అని అడిగాడు. నన్ను.

పేర్లు రాయకుండానే కొత్త బటన్ తెచ్చి నడుమ దూర్చారు. గంట చప్పుడు మాత్రం రెండింటికీ ఒకటే ఉంచారు. ఆ సంగతిని ఫొటో తీసి, గులాబీ పువ్వులు పెట్టే చోట పెట్టారు. అర్జంటు కానిదాని కింద నేను పద్మను పక్కన పెట్టాను.

తిట్టడానికి కూడా తీరిక లేదు. గురవమ్మ లైన్లోనే ఉంది. పద్మ మూలుగు, ఆటో వచ్చిన చప్పుడు, ఆడవాళ్ళ అరుపులు, తర్వాత గతుకుల రోడ్డు. గురవమ్మ నాతో మాట్లాడడం మానేసి కోడలితోనే మాట్లాడుతోంది. "కండ్లు మూయకు, నన్ను చూడు, నన్ను చూడు." నేను రిసీవర్ను చెవికి అదిమిపట్టి కూర్చున్నాను. అంతకుమించి నా చేతిలో ఏమీ లేదు. ఎదురుగా మా బండి సైరన్ వినిపించినప్పుడు సుప్రియ నా భుజం పట్టుకుని ఏడ్చేసింది. నాకు ఏడుపు రాలేదు, ఇంకా భయంగానే ఉంది.

సాయంత్రం నాగర్‌కర్నూల్ దవాఖాన నుంచి మాసయ్య ఫోన్ చేశాడు.

"తల్లి బతికింది, ఎస్తేరమ్మా."

"బిడ్డ?"

"ఆడపిల్ల. ఏడ్వలే. జర ముందుగాల తెచ్చుంటే దక్కుతుండె అన్నరు."

మర్నాడు పొద్దున గ్రూపులో ఏ పువ్వూ రాలేదు. జయపాలే వచ్చాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అక్కా, నొక్కింది నువ్వే అని సిస్టంల ఉంది. నా పొరపాటే అని ఒక మాట అను, గంతే. నీ నౌకరికి ఏం గాకుండ నేను చూస్కుంట."

"నొక్కింది నేనే. కాదంటలేను. బటన్‌కు పేరు రాయనిది ఎవరు సార్? మార్చినం అని నోటితోని ఒక్క మాట చెప్పనిది ఎవరు?"

"పైవాళ్ళకు చెప్పినక్కా…"

"ఆ పైవాళ్ళనే పిలువున్రి. అప్పటిదాంక నేను ఆ బటన్ల జోలికి పోను. డ్రైవర్లకు నోటితోనే చెప్త."

లేచి వెళ్ళిపోయాడు. రాత్రి తిండి సయించలేదు. నౌకరి పోతుందని భయం ఉంది, లేదని ఎందుకు చెప్పాలి? నా మాట నమ్మి ఆటోను పంపేసిన మనిషి గొంతు ఆ భయాన్ని దాటి చెవిలో తిరుగుతూనే ఉంది.

తర్వాత గురవమ్మే ఫోన్ చేసింది. పద్మను ఇంటికి తీసుకుపోయారట. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"నువ్వు కావాలని చేయలేదని మాసయ్య చెప్పిండు బిడ్డా. మరి ఎవరు చేసిన్రు? పద్మ అడుగుతుంది. మేం ఎవర్ని అడగాలె?"

ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు నా గొంతుతో రికార్డు చేసి గ్రూపులో పెట్టాను. కంపెనీ జవాబు చెప్పాలన్నాను. అందరూ విన్నారు. ఎవరూ దండాల బొమ్మ పెట్టలేదు. మర్నాడు మధ్యాహ్నం నా ఫోన్ మోగింది, చదివింది.

"జయపాల్, ఫొటో."

సుప్రియ తన ఫోన్లో తెరిచింది. "కంపెనీ కాగితం మీద రాసిన్రక్కా. సంతకం, ముద్ర అన్ని ఉన్నయి. చదవాల్నా?"

"వద్దు" అన్నాను.

గురవమ్మకు ఫోన్ కలిపాను. లైన్లో ఉండమని చెప్పి, దానికే జయపాల్‌ను కలిపాను. ఇద్దరిని ఒకే లైన్లోకి తేవడం నాకు చేతనైన పని.

"ఎస్తేరక్కా, జవాబు పెట్టిన గద" అన్నాడు ఎత్తగానే. "చూసినవా?"

"పద్మ వాళ్ళ అత్త గురవమ్మ లైన్ల ఉంది సార్. ఆమెకు చదువు రాదు. నాకు చూపు లేదు. అండ్ల ఏమున్నదో మీ నోటితోని చెప్పున్రి."

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది, ఆయనదో మాదో తెలియలేదు.

"చెప్పు నాయనా" అంది గురవమ్మ. "ఇంటున్న."