మట్టయ్య కూర్చున్న కౌంటర్

2011 సెప్టెంబరు పదమూడున, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైన రోజు, సాంబమూర్తి మెస్‌లో దోసకాయ పప్పు, చామదుంపల వేపుడు. తినేవాళ్లే లేరు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లన్నీ మూతపడ్డాయి. వీధి చివర హోటల్ బోర్డు మీద ఆంధ్రా అన్న మాటకు ఎవరో తారు పూశారు.

గుంటూరు నుంచి వచ్చి పాతికేళ్లయిన సాంబమూర్తికి ఒక ఉపాయం తోచింది. కౌంటర్లో కూర్చునే బావమరిది రామమోహనరావును ఊరికి పంపించాడు. ఎన్నో ఏళ్లుగా వడ్డన చేస్తున్న పోచంపల్లి మట్టయ్యను పిలిచి, ఇకనుంచి మేనేజరువి నువ్వే అన్నాడు. ఇక్కడి మనిషి ఎదురుగా ఉంటే మెస్ జోలికి ఎవరూ రారని లెక్క. సాంబమూర్తి బి.కాం చదివినవాడు, భార్య పోయాక మరీ మెత్తబడ్డవాడు. ఇందులో మోసముందని అప్పుడు అనుకోలేదు.

మట్టయ్య మర్నాడు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. ఊరేగింపు కుర్రాళ్లను వరసలు కలిపి పలకరించి, మంచినీళ్లిచ్చి పంపేవాడు. మెస్ అద్దం మీద గీత పడలేదు. ఆంధ్రావాళ్ల మెస్ అని అలిగి వెళ్లిపోయిన నెలవారీ పిల్లలు కూడా మళ్లీ తినడానికి వచ్చారు.

సమ్మె ఆగింది. రామమోహనరావు వస్తున్నాడని తెలిసీ, మట్టయ్యకు చెప్పడానికి నోరు రాక సాంబమూర్తి నాన్చాడు. బావమరిది వచ్చిన సాయంత్రమే మట్టయ్య భార్య కౌసల్య, మొగుడు కౌంటర్లో కూర్చుంటే చూడాలని పిల్లలతో బస్సు దిగింది. అప్పటికే రామమోహనరావు ఆ కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. మట్టయ్య ఒక్క క్షణం ఆగి, సాంబారు బకెట్ అందుకున్నాడు.

"గదేంది, నువ్వు వడ్డిస్తున్నవ్?" అంది కౌసల్య.

"సార్ బామ్మర్ది ప్రయాణం జేసి అలిసిండు. జర కూసోనీ. నా పిల్లలకు నేను వడ్డిస్తే నీకేం పరేషాన్?"

ఆమె నవ్వేసింది. వంటగది గుమ్మంలో ఉన్న సాంబమూర్తి తల ఎత్తలేకపోయాడు.

కౌసల్య పిల్లలతో వెళ్లింది. మెస్ ఖాళీ అయ్యాక సాంబమూర్తే మట్టయ్య దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "రేపటి నుంచి మళ్లీ నువ్వే కూర్చో మట్టయ్యా. మా బావమరిదికి నేను చెబుతాను," అన్నాడు.

"ఒద్దు సార్. నన్నెందుకు కూసోబెట్టిండ్రో తొలినాడే ఎరుక. అయినా పని నేర్సుకున్న. ఎల్బీనగర్‌ల కొత్త హోటల్ తెరుస్తున్నరు. మేనేజర్‌గ ఒకటో తారీఖుకు రమ్మన్నరు."

సాంబమూర్తి వెళ్లి ఒక బల్ల ముందు కూర్చున్నాడు. మట్టయ్య బల్లలు తుడిచాడు, పాలు తోడుపెట్టాడు. పొద్దుటి నుంచి ఆయన ఏమీ తినలేదని చూశాడు కాబోలు, పెరుగన్నం కలిపి ముందు పెట్టి, వెనక తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి వెళ్లిపోయాడు.