తీసేసిన కంచె

కంచె తీసేసి అరగంటైంది. అయినా ఆవు చేను దాటి రాదు. అంజినప్పకు ఏమీ పాలుపోవడం లేదు.

రాగి వేసేముందు నేలకు బలమని అలసంద చల్లిన అరెకరా అది, బూదికోట ఊరి పక్కన. మూడు వారాలుగా దాని చుట్టూ తెల్లటి కరెంటు తీగ కట్టి గంగిని అందులోనే మేపాడు. తీగ తగిలితే చురుక్కుమంటుంది, అంతే, ప్రాణానికేం కాదు. ఈరోజుతో మేత అయిపోయింది. గూటాలు పీకాడు, తీగ చుట్టాడు. సరిగ్గా అప్పుడే గంగికి నొప్పులు మొదలయ్యాయి, పైన మబ్బు కమ్ముకొచ్చింది.

పోయిన ఏడు గంగి ఇలాగే వానలో, బయట ఈనింది. తెల్లారేసరికి దూడ బిగుసుకుపోయింది. ఆ దిగులు అంజినప్పకు ఇంకా తీరలేదు. కొట్టం చూస్తే ఎదురుగానే ఉందాయె!

"రావే తల్లీ" అని పగ్గం లాగాడు. తీగ ఉండిన చోటిదాకా వచ్చి గంగి నాలుగు కాళ్లూ బిగబట్టింది. వెనక్కెళ్లి నెట్టాడు, బతిమాలాడు, తిట్టాడు. ఊహూ! గాలి గానీ సోకిందా దీనికి?

అతని పెళ్లాం పిల్లమ్మ పరుగున వచ్చింది. "తీగుండాదని భయపడతా ఉండాది."

"యాడుండాదే తీగ? ఇదో, చుట్టి పెట్టినానే! ఆమాత్రం తెలీదా దానికి?" అని విసురుగా కొట్టం వైపు నడిచాడు, పచ్చిగడ్డి చూపిద్దామని. నాలుగడుగులేసి, పంచె ఎగ్గట్టి, కాలు పైకెత్తి, లేని తీగను జాగ్రత్తగా దాటాడు.

పిల్లమ్మ పకపకా నవ్వింది. అంజినప్ప కిందికి చూసుకున్నాడు. ఉత్త మట్టి. సిగ్గుతో మొహం ఎర్రబడింది.

అప్పుడు తట్టింది. రోజూ తను మూలన తీగ విప్పి పిలిస్తేనే గంగి బయటికొచ్చేది. పగ్గం ఊడదీసి పడేసి, ఉరికి, ఆ మూలన రెండు గూటాలు పాతి, కరెంటు లేకుండానే మధ్యన తీగ కట్టాడు. మళ్లీ తనే విప్పాడు.

"బా గంగీ!" అని రోజూలాగే రమ్మని పిలిచాడు.

గంగి మూలకు తిరిగి ఆ సందులోంచి నెమ్మదిగా నడిచొచ్చింది.

కొట్టంలోకి చేరారో లేదో, వాన దంచింది. చీకటి పడేలోగా గంగి ఎర్రదూడను ఈనింది. దూడ తడబడుతూ లేచి పొదుగు వెతుక్కుంటుంటే అంజినప్ప కళ్లు తుడుచుకున్నాడు. అంతలో మరిచిపోయిన పగ్గం తేవడానికి చేనులోకి పోయిన పిల్లమ్మ తడిసి ముద్దై వచ్చింది.

"ఇంతసేపేమే?"

"మూలకు పోయి, సందులోంచి వచ్చేసరికి..."

"చేనంతా తెరిచే ఉండాది కదే!"

పిల్లమ్మ కొంగు పిండుకుంటూ చేను వైపు చూసింది. "అవునుకదా" అంది.